కొళాయి కోసం ఎత్తిన చేతులు

మా వీధి కొళాయి తీసేయడానికి మేమే ఒప్పుకున్నామని ఈ రోజు వార్డు సభలో రాసేసుకున్నారు. బొమ్మనహళ్ళిలో మా వీధి మొత్తానికి ఉన్నది ఆ ఒక్క కొళాయే. వద్దని చెప్పడానికే గార్మెంట్స్‌లో షిఫ్టు వదులుకుని వెళ్ళాం. అధికారి ఆ విషయం చదవగానే, మాట్లాడనివ్వమని అందరం చేతులెత్తాం. ఆయన చేతులు లెక్కపెట్టి, “అందరూ ఒప్పుకున్నారు” అన్నాడు.

“సార్, మాట్లాడాల్నని ఎత్తినాము!” అన్నాను.

“ఎత్తినారు కదప్పా, అయిపాయ. తర్వాత ఏముండాది?”

తర్వాత పార్కు గేటుకు రంగు. ఈసారి భయపడి ఎవరం చెయ్యెత్తలేదు. ఎవరికీ అభ్యంతరం లేదని అదీ పాసైంది.

కోపం కూడా రాలేదు. ఇచ్చిన టీ తాగి వచ్చేశాను. మీ వార్డులో వద్దని ఎలా చెబుతారో కింద రాయండి. అధికారి గారూ, ఆ కొళాయి తీర్మానం రద్దు చేసి సోమవారం సాయంత్రంలోగా జవాబివ్వండి.