లెస్టర్ ఒక్కడే వచ్చిన ఏడాది

ఆ మార్చిలో, ఎండిన ఉప్పు సరస్సు మీద ఏటా జరిగే బైకు వేగం పోటీలకి లెస్టర్ నోస్కే ఒక్కడే వచ్చాడు. ట్రక్కు వెనక బైకు, పక్క సీట్లో నీళ్ళ డబ్బా, అంతే. మా పక్కనే గుడారం వేసుకున్నాడు. తాడు ఒక కొస పంటితో పట్టుకుని రెండో కొస మేకుకి కడుతుంటే చూడలేక నేను లేవబోయాను. మా ఆవిడ మోచేత్తో పొడిచి, "కూర్చో. కావాలంటే అడుగుతాడు" అంది.

అతను అడగలేదు. అడిగే మనిషి కాదు.

లెస్టర్‌ది ఓరోరూ దగ్గర గోధుమ పొలం. కొన్ని గొర్రెలు కూడా ఉండేవి. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి వదిలిపోయిన పాత ఇంజనుని చిన్నప్పుడే బైకుగా మలిచి, ఏటా ఈ గైర్డ్‌నర్ సరస్సు మీద దాని వేగం చూసుకునేవాడు. గంటకి నూట ముప్పై మైళ్ళు దాటాలన్నది అతని కోరిక. మంచివాడే. ఎవరి పంపు చెడిపోయినా వెళ్ళి బాగు చేసి, కూలి అడక్కుండా వచ్చేవాడు. కాకపోతే ఇంకొకళ్ళు చేసిన పని అతని కంటికి ఆనదు. మీరు గేటు మూస్తే ట్రక్కు దిగి వెళ్ళి గొళ్ళెం కదిపి చూసి వస్తాడు. గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళు అతని పొలానికి రావాలంటే విసుక్కునేవాళ్ళు.

అతనితో ఏళ్ళ తరబడి వేగిన మనిషి ఒక్కడే, అన్న క్లెమ్. పోర్ట్ ఆగస్టాలో బస్సుల డిపోలో మెకానిక్. మాట తక్కువ. ప్రతి మార్చిలో సెలవు పెట్టి తమ్ముడితో వచ్చేవాడు. బైకు పట్టుకునేది, తోలు సూటు వీపు జిప్పు లాగేది, వంతు కోసం వరసలో ఉన్నంతసేపూ ఎండ తగలకుండా గొడుగు పట్టేది, పరుగు అయ్యాక ఆ చివరికి ట్రక్కు తోలుకెళ్ళి తమ్ముణ్ణి తెచ్చేది, అన్నీ అతనే. ఈ ఆటలో నడిపేవాడు ఒకడే కనిపిస్తాడు గానీ, వెనక మనిషి లేకపోతే హెల్మెట్ పెట్టుకున్నాక కిందపడ్డ చేతి తొడుగు కూడా తీసుకోలేడు.

అంతకు ముందు ఏడు పరుగు మధ్యలో లెస్టర్ బైకు వెనక చక్రం పక్కకి జరిగింది. బైకు పడింది, అతను ఉప్పు మీద చాలా దూరం జారాడు. ప్రాణం దక్కింది గానీ భుజం విరిగింది. చూస్తే ఇరుసు నట్టు వదులై ఉంది, నట్టు ఊడకుండా గుచ్చే పిన్ను లేదు. నట్టు బిగించే పని క్లెమ్‌ది.

వైద్యం చేసే గుడారం ముందు, అందరం చుట్టూ ఉండగా, లెస్టర్ కట్టుతోనే లేచి నిలబడి అరిచాడు. "బస్సులు బాగుచేస్తావు! ఒక్క నట్టు బిగించడం చేతకాదా? పిల్లలెక్కే బస్సులకి కూడా ఇంతేనా నువ్వు చేసేది?"

క్లెమ్ టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ, "బిగించాననే అనుకున్నాను లెస్" అన్నాడు.

"అనుకున్నావు."

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. మేమంతా ఏంచేశామంటే, దాన్నొక పరిహాసం చేసుకున్నాం. గుడారం తాడు జారితే "క్లెమ్ కట్టాడేమో". కుళాయి కారితే "క్లెమ్ బిగించాడు". నేనూ అన్నాను. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనేనని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఈ ఏడు లెస్టర్ ఒక్కడే వచ్చాడని చెప్పాను కదా. రెండు రోజులు గాలి గట్టిగా వీచింది, ఎవరూ బైకు తియ్యలేదు. మూడోరోజు తెల్లవారేసరికి గాలి పడిపోయింది. గాలి చూసే గుడ్డ గొట్టం కర్రకి వేలాడిపోవడం చూసి అందరం ఎక్కడి పనులక్కడ వదిలేసి బైకులు నెట్టుకుంటూ వరసలోకి పరుగెత్తాం. లెస్టర్ కూడా పానా కింద పడేసి వెళ్ళాడు.

వరసలో అతని వెనక డోరీన్ ట్రెజిస్ ఉంది. వల్లరూలో రొట్టెల దుకాణం ఆవిడది. ఏభై దాటాక బైకెక్కింది, గట్టి మనిషి. లెస్టర్ తన జిప్పు తనే లాక్కోవాలని దానికి తాడు కట్టి భుజం మీదుగా గుంజుతున్నాడు. విరిగి అతుక్కున్న భుజం పైకి లేవడం లేదు.

"ఏమయ్యా లెస్టర్, ఎంతసేపు ఆ కుస్తీ? ఇటు తిరుగు" అంది డోరీన్.

"పర్వాలేదు. నేను చేసుకుంటాను."

"నువ్వు చేసుకునేలోపు మధ్యాహ్నమైతే నా పరుగు పోతుంది. నీ కోసం కాదులే, తిరుగు."

అతను ముఖం ఎర్రగా చేసుకుని తిరిగాడు. ఆవిడ జిప్పు లాగి, వాళ్ళాయన చేతిలో గొడుగు తీసుకుని అతని నెత్తిన పట్టింది. లెస్టర్ తల దించుకునే ఉన్నాడు. అరవై దాటిన మగవాణ్ణి, తనకి ఊరు కాని ఊరావిడ పసిపిల్లాడికి తొడిగినట్టు తొడుగుతుంటే వరసలో అందరూ చూస్తున్నారని అతని బాధ. నిజానికి ఎవరూ చూడలేదు. ఎవరి బైకు గొడవ వాళ్ళది.

అందరం చూసింది ఆ తర్వాత.

బయలుదేరే గీత దగ్గర హర్టిల్ అనే పెద్దాయన ప్రతి బైకునీ చివరిసారి పరీక్ష చేసి పంపుతాడు. నిరుటి ప్రమాదం నుంచి ఇరుసులు కూడా చూస్తున్నాడు. హెల్మెట్ పట్టీ చూశాడు, తొడుగులు చూశాడు. బైకు వెనక్కి వెళ్ళి వంగాడు. కాసేపు లేవలేదు. తర్వాత రెండు వేళ్ళతో ఇరుసు నట్టు పట్టుకుని తిప్పాడు. అది తిరిగింది. పిన్ను లేదు.

"ఇంజను ఆపు" అన్నాడు హర్టిల్.

లెస్టర్ ఆపాడు. హర్టిల్ మళ్ళీ వేళ్ళతో నట్టు తిప్పి చూపించాడు. "లెస్, తనిఖీలో ఇది బాగానే ఉంది. మొన్న నేనే చూశాను. తర్వాత ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"ఎవరు ముట్టుకుంటారు? నేనొక్కణ్ణే కదా ఉన్నది" అన్నాడు లెస్టర్.

వెనక నుంచి ఎవడో అలవాటు కొద్దీ, "క్లెమ్ వచ్చి వెళ్ళినట్టున్నాడు" అన్నాడు. ఒక్కరమూ నవ్వలేదు. అన్నవాడు కూడా మాట నోట్లోంచి వచ్చాక ఆగిపోయాడు.

లెస్టర్ హెల్మెట్ తీశాడు. అప్పుడతని ముఖం చూశాను. తెల్లవారు జామున చైను బిగువు మరొక్కసారి చూద్దామని పిన్ను లాగి నట్టు వదులు చెయ్యడం గుర్తొచ్చింది అతనికి. గాలి పడిపోయిందని లేచి పరుగెత్తడం గుర్తొచ్చింది. దాంతోపాటు నిరుటి పొద్దున కూడా వచ్చింది. క్లెమ్ నట్టు బిగించి, పెట్రోలు తేవడానికి వెళ్ళాడు. ఆ కాసేపట్లో, అన్న చేసిన పని సరిగ్గా ఉందో లేదో చూద్దామని లెస్టర్ అదే పానా పట్టుకుని కూర్చున్నాడు. అంతలో వరసలోకి పిలుపొచ్చింది. ఏడాది పాటు ఒక్కసారి కూడా ఆ ఉదయం అతని మనసులోకి రాలేదట. ఇది తర్వాత అతనే చెప్పాడు. చెబుతున్నప్పుడు కూడా మన కళ్ళలోకి చూడడు.

"బిగించి, కొత్త పిన్ను వేసుకుని వరస చివరికి రా. టైముంది" అన్నాడు హర్టిల్ నెమ్మదిగా.

"వద్దు" అన్నాడు లెస్టర్.

బైకు నెట్టుకుంటూ వరస పొడవునా మా అందరి పక్కనుంచీ నడిచి వెళ్ళాడు. డోరీన్ తన వంతు వదులుకుని వెనకే వెళ్ళి, బైకు ట్రక్కులోకి ఎక్కించడానికి చెయ్యి వేసింది. "ఎక్కడికి?" అనడిగితే "ఆగస్టాకి" అన్నాడు. తోలు సూటు విప్పకుండానే బండెక్కాడు.

క్లెమ్ ఇంట్లో జరిగింది క్లెమ్ భార్య యివాన్ మా ఆవిడకి చెప్పింది.

మధ్యాహ్నం దాటాక వెళ్ళాడట. క్లెమ్ వెనక షెడ్డులో కుర్చీ వేసుకుని రేడియో వింటున్నాడు. షెడ్డు గోడ మీద ఏ పనిముట్టు ఎక్కడ తగిలించాలో రంగుతో గీసిన ఆకారాలున్నాయి. పనిముట్లు లేవు.

లెస్టర్ గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "నట్టు నువ్వు బిగించావు క్లెమ్. నేనే మళ్ళీ వదులు చేశాను. ఈ పొద్దున కూడా అదే చేశాను. హర్టిల్ పట్టుకున్నాడు."

క్లెమ్ రేడియో ఆపాడు. "మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు.

"నేను బిగించానా?"

"బిగించావు."

క్లెమ్ తన చేతులకేసి చూసుకున్నాడట. తర్వాత, "డిపో మానేశాను, తెలుసా నీకు?" అన్నాడు.

"రిటైరయ్యావన్నారు."

"మానేశాను. నట్టు బిగించినట్టు నాకు స్పష్టంగా గుర్తుంది లెస్. పిన్ను గుచ్చి చివరలు వంచినట్టు కూడా గుర్తుంది. అయినా అది వదులుగా ఉందంటే, నాకు గుర్తున్నదంతా అబద్ధమన్న మాట. అమ్మకి కూడా అలాగే కదా మొదలైంది. ఇక నేను చూసిన బస్సులో పిల్లల్ని ఎలా ఎక్కించమంటావు? డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. గడియారం బొమ్మ గియ్యమన్నారు, నెలల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు. బాగానే ఉంది అన్నారు. నేను నమ్మలేదు."

"పనిముట్లు?"

"ఇచ్చేశాను. చూస్తుంటే భయం వేసేది."

లెస్టర్ ఏదో అనబోయాడు. క్లెమ్ చెయ్యి అడ్డం పెట్టి, "నాకు చెప్పింది చాలు. ఇంట్లోకి వెళ్ళి యివాన్‌కి చెప్పు. ఇలాగే, మొదట్నుంచీ" అన్నాడు.

యివాన్ కూరలు తరుగుతోంది. లెస్టర్ వంటింటి గుమ్మంలో నిలబడి, ఉప్పు అంటిన బూట్లతో, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. ఆవిడ కూర్చోమనలేదు, టీ తాగుతావా అనలేదు. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని టీ అడక్కపోవడం మా వైపు పెద్ద మాటే.

అంతా విని ఆవిడ అంది: "పొయ్యి ఆర్పానా యివాన్, తలుపు వేశానా యివాన్ అని ఏడాదిగా నన్ను అడుగుతున్నాడు. అన్నీ వేసే ఉంటాయి. చిన్నపిల్లాణ్ణి బుజ్జగించినట్టు చెప్పేదాన్ని. నీ అన్నకి మతి పోతోందని నేను కూడా అనుకున్నాను లెస్టర్. నన్ను కూడా అనుకునేలా చేశావు."

"నాకు తెలీదు యివాన్."

"తెలుసుకోవాలని నీకెప్పుడు అనిపించింది? ఒక్క ఫోనైనా చేశావా?"

లెస్టర్ వెనక్కి తిరిగాడు. బయటికి వస్తుంటే క్లెమ్ ట్రక్కు దాకా వచ్చాడు. "అందరి ముందూ అన్నావు కదా. అందరి ముందూ చెప్పు" అన్నాడు. అంతే, లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం, రోజూ పరుగులకి ముందు హర్టిల్ పెట్టే సమావేశానికి మేం చేరేసరికి లెస్టర్ ట్రక్కు ఒడ్డున ఉంది. దారిలో ఎక్కడో ఆగి పడుకున్నట్టున్నాడు, బట్టలు నలిగి ఉన్నాయి. హర్టిల్ గాలి గురించీ, ఉప్పు మెత్తగా ఉన్న చోట్ల గురించీ చెప్పడం అయ్యాక, లెస్టర్ చెయ్యి ఎత్తాడు. ముందుకి రాలేదు. ఉన్నచోటనే నిలబడి, టోపీ తీసి మాట్లాడాడు. వెనకవాళ్ళకి వినపడలేదని మళ్ళీ చెప్పమన్నారు. పాపం, మళ్ళీ చెప్పాడు.

"నిరుడు ఆ నట్టు వదిలేసింది క్లెమ్ కాదు, నేను. అతను బిగించాక నేను విప్పాను. ఉద్యోగం మానేశాడు నా మాట మూలాన. మీరు కూడా ఇక..." అని ఆగిపోయాడు.

ఇక నవ్వకండి అని అనబోయాడని నాకు తెలుసు. అది అనే హక్కు తనకి లేదని ఆగిపోయాడు. మేం బూట్ల కేసి చూసుకుంటున్నాం. మా ఆవిడ నా కేసి చూస్తోంది, ఆ చూపు నాకు తెలుస్తూనే ఉంది. "సరే, మొదటి బైకులు గీత దగ్గరికి రండి" అన్నాడు హర్టిల్.

ఆ రోజు లెస్టర్ బైకు తీశాడు. డోరీన్ బలవంతం మీదే. నట్టు ఆవిడ బిగించింది, పానా తన జేబులో పెట్టుకుని తిరిగి ఇవ్వలేదు. అతను నూట ముప్పై దాటాడు. ఆ చివర ఆవిడ ట్రక్కుతో ఎదురెళ్ళి వేగం చెబితే, తల ఊపి, "క్లెమ్ ఉంటే బాగుండేది" అన్నాడట. అది అనడానికి కూడా సిగ్గుపడ్డాడని ఆవిడ చెప్పింది.

మరుసటి ఏడు క్లెమ్ వచ్చాడు. తమ్ముడి కోసం కాదు. డోరీన్ స్వయంగా ఆగస్టా వెళ్ళి, తన బైకుకి మెకానిక్ కావాలని అడిగి తెచ్చుకుంది. కొత్త పనిముట్ల పెట్టెతో దిగాడు. మేం ఒక్కొక్కరం వెళ్ళి చెయ్యి కలిపాం. నేను క్షమించమని అడిగాను. "దేనికి?" అన్నాడు. చెప్పించుకున్నాడు నా చేత కూడా. చెప్పాక "సరే" అన్నాడు.

లెస్టర్ ఆ ఏడు కూడా ఒక్కడే. మూడు గుడారాల అవతల దిగాడు. రెండోరోజు ఉదయం వచ్చి, దూరంగా నిలబడి, "నా ఇరుసు ఒకసారి చూస్తావా?" అనడిగాడు.

"చూశాక నువ్వు మళ్ళీ ముట్టుకోనంటే చూస్తాను" అన్నాడు క్లెమ్.

లెస్టర్ ఆలోచించాడు. "అలా మాట ఇవ్వలేను."

"అయితే నువ్వే చూసుకో."

లెస్టర్ తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం అతని పరుగు అయ్యేసరికి డోరీన్ తన వంతు కోసం వరసలో ఉంది. ఆవిడ ట్రక్కు క్లెమ్ దగ్గరుంది. అతను ఎవరికీ చెప్పకుండా ఆ చివరికి తోలుకెళ్ళాడు. ఇద్దరూ చెరోవైపు పట్టి బైకు ఎక్కించారు. తిరిగి వచ్చే దారంతా గాలి గురించి మాట్లాడుకున్నారట, మూడో మైలు దగ్గర పక్కనుంచి ఎంత గట్టిగా కొట్టిందీ అని.