చేతులు మారిన కోళ్లు

పలాస చికెన్ కొట్టు దగ్గర, వేడినీళ్లలో తడిసిన ఈకల వాసన తగిలితే నేను నిలబడలేను.

మా ఉద్దానంలో పెంచిన కోడిని పెంచినవాళ్లే కోసుకునేవారు కాదు. నా చిన్నప్పుడు ఒకసారి అమ్మ మా ఎర్రపెట్టను పక్కింటి అత్తకిచ్చి, వాళ్ల పుంజును తెచ్చింది. మా పెట్ట బతికిపోయిందనుకుని నేను పుంజు పులుసు లొట్టలేసుకుంటూ తిన్నాను. మర్నాడు పెట్టను చూడ్డానికి పరిగెత్తాను.

"ఇంకెక్కడి పెట్టరా అల్లుడా? రాత్రే కూరైపోనాది. మా పిల్ల కూడా పుంజును సూత్తానని మీ ఇంటికే ఎల్లింది," అంది అత్త.

దారిలో ఆ పిల్ల ఏడుస్తూ ఎదురైంది. ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

ఇప్పుడు కొట్టువాడు అడిగేదల్లా, "తాతా, తోలుంచీమంతావా, తీసీమంతావా?" అనే. ఆ కోడి కోసం ఏడ్చే పిల్ల ఏ ఇంట్లోనూ లేదు. అలా ఏడవక్కర్లేకపోవడాన్నే అందరూ సుఖమంటారే, అందుకే నాకు ఒళ్లు మండుతుంది.