స్క్రూల మీద మున్నీ పెట్టిన ఎర్ర చుక్కలు

మున్నీ, నిన్ను ఇలా పిలిచి కాసేపు ఆగుతున్నాను. "ఐదు నిమిషాలు అమ్మీ" అని నీ గొంతు వినపడుతుందేమోనని. వినపడటం లేదు. మళ్ళీ రాస్తున్నాను.

చదివేవాళ్ళకు చెప్పాలి. మున్నీ నా కూతురు. మొన్న చలికాలంలో పోయింది. ఆ రోజు నేను రేపల్లెలో మా అన్నయ్య ఇంట్లో ఉన్నాను. వాళ్ళ మనవడికి పేరు పెడుతున్నారని వెళ్ళాను. మధ్యాహ్నం ఫోను వచ్చింది. కంపెనీలో మున్నీ పార్ట్‌నర్, చీరాల అబ్బాయి.

"పిన్నిగారూ, మీరు తెనాలి వచ్చేయండి."

"ఏమైంది బాబూ? మున్నీకి ఇవ్వు ఫోను."

అప్పుడు చెప్పాడు. పని చేసుకుంటూ కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయిందట. గుండె అన్నారు డాక్టర్లు.

రేపల్లె నుంచి తెనాలి దాకా రైల్లో ఎలా వచ్చానో గుర్తు లేదు. ఒళ్ళో క్యారియర్ ఉండటం మాత్రం గుర్తుంది. ఫోను రాకముందే మా వదిన మున్నీ కోసమని బిర్యానీ, దాల్చా సర్దిపెట్టింది. అలవాటుగా పట్టుకొచ్చేశాను. దాల్చా కారుతోంది. కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను. ఎదుటి సీటావిడ, "మూత సరిగ్గా పెట్టుకోమ్మా" అంది. పెట్టుకున్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ సరిగ్గా రాలేదు. జనం చూస్తారని ఒకటి రెండుసార్లు ప్రయత్నం కూడా చేశాను.

నేను బళ్ళో ఐదు దాకా చదివాను. చీరలకు ఫాల్స్ కుడతాను. నా కూతురు చేసిన పని గురించి నాకు అర్థమైనంతే చెప్పగలను. పొగమంచులో టార్చిలైటు వేస్తే వెలుగు గీతలాగా కనపడుతుంది కదా. మంచు లేకపోతే ఆ గీత కనపడదు. మున్నీ వాళ్ళు చేసే మిషను ఆకాశంలోకి వెలుగు పంపిస్తుంది. పైన దుమ్ము ఉన్నా, మబ్బు ఉన్నా, పొగ ఉన్నా తగిలి కొంచెం వెలుగు వెనక్కి వస్తుంది. దాన్ని ఒక అద్దం పట్టుకుని ఏది ఎంత ఎత్తులో ఉందో చెప్తుంది. తెనాలిలో మసీదు పక్క సందులో మేడమీద రెండు గదులు, నలుగురు మనుషులు, అదే కంపెనీ. మిషను లోపల వేసే నల్లగుడ్డ, పైన కప్పే కవరు నేనే కుట్టాను.

మా సందులో వాళ్ళకి మాత్రం అది ఆకాశాన్ని చూసే మిషను. రంజాన్ నెల ముందు రోజు సాయంత్రం పక్కింటి ఖాలా గుమ్మంలోకి వచ్చేది.

"ఏమే, మీ మిషన్లో చంద్రుడు కనపడ్డాడా? తెల్లారకముందే సహరీ తిండికి లేవాలా వద్దా చెప్పు, బియ్యం నానబెట్టుకోవాలి."

"ఖాలా, అది గాలిని చూస్తుంది. చంద్రుడికి మీ కళ్ళే నయం."

"కనపడని గాలి చూస్తుందంట, కనపడే చంద్రుణ్ణి చూడదంట! ఇంజినీరింగ్ చదివి అద్దాలు తుడుస్తుంటే ఇంకేం కనపడుద్ది?"

మున్నీ పడీ పడీ నవ్వేది. నిజంగానే అద్దాలు తుడవడం దాని పనిలో సగం. పని చేసే గదిలో పౌడరు రాసుకోకూడదు, అగరొత్తి వెలిగించకూడదు, క్యారియర్ మూత తియ్యకూడదు. అన్నం ఆవిరి వెళ్ళి అద్దానికి పడుతుందట. మిగతావాళ్ళు మెట్ల మీద కూర్చుని తినొచ్చేవాళ్ళు. ఇది మాత్రం "ఐదు నిమిషాలు" అనేది. సాయంత్రానికి క్యారియర్ ఇచ్చింది ఇచ్చినట్టే ఇంటికి వచ్చేది.

మిషను మొదటిసారి డాబా మీద పెట్టింది కూడా ఒక రంజాన్ నెలలోనే. రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక కాసేపటికి మిషన్లో ఒక పొగ పొర కనపడటం మొదలయ్యేది. ఇఫ్తార్ అయ్యాక పోయేది. నలుగురూ బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. అద్దం మార్చారు, వైర్లు మార్చారు. మున్నీ మంచినీళ్ళైనా తాగకుండా రోజా ఉండి కూడా ఎండలో డాబా మీదే. ఒక సాయంత్రం రోజా విప్పి, మసీదు గంజి గిన్నె నోటి దగ్గర పెట్టుకుని అలా ఆగిపోయింది.

"ఏమైందే? కాలిందా?"

"అమ్మీ, గంజి ఎక్కడ కాస్తారు?"

"ఎక్కడేంటి? మీ డాబా కింద, మసీదు వెనకాల. అంత పెద్ద డేగ్‌లు, కట్టెల పొయ్యి మీద."

గిన్నె కింద పెట్టి తలకొట్టుకుంది. "నా గంజి పొగని నేనే కొలుస్తున్నానా ఇన్నాళ్ళూ!" చీరాల అబ్బాయికి ఫోను చేసి చెప్పింది. అవతల అతను నవ్వుతున్నది నాకు ఇక్కడికి వినపడింది. ఆ రోజు రెండు గిన్నెల గంజి తాగింది. అది కడుపునిండా తిన్నదంటే నాకు ముందు ఆ రోజే గుర్తొస్తుంది.

ఇంకోటి చెప్తాను. ఒకరోజు దాని బ్యాగులో ఎర్ర నెయిల్ పాలిష్ సీసా కనపడింది. మా ఇంట్లో అది వాడరు. గోటి మీద రంగుంటే నీళ్ళు గోటికి తగలవు, నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ అవ్వదు, నమాజు అవ్వదు.

"ఏంటే ఇది? వజూ ఎలా అవుద్ది?" అని గట్టిగానే అడిగాను.

పది వేళ్ళూ నా మొహం ముందు పెట్టింది. ఒక్క గోటికీ రంగు లేదు. "స్క్రూలు నమాజు చెయ్యవు అమ్మీ" అంది.

వెలుగు పైకి పోయే దారి, అద్దం చూసే దారి ఒక్కటిగా కలవాలట. స్క్రూ వెంట్రుకంత కదిలినా మిషనుకి ఏమీ కనపడదట. అందుకని కుదిరాక, కదలకుండా స్క్రూ మీద ఒక చుక్క పాలిష్ పెడతారు. ఆ చుక్క చెదిరితే స్క్రూ కదిలిందని కూడా తెలిసిపోతుంది. చుక్కలు పెట్టే పని మున్నీదే. ఇంకెవరు పెట్టినా పొంగి కారుతుందని ఊరుకునేది కాదు.

బాపట్లలో ఒక కాలేజీ వాళ్ళు సముద్రం గాలిని చూడటానికి అలాంటి మిషను కావాలన్నారు. సూర్యలంకలో పెట్టి చూపించాలి. వాళ్ళు బెలూన్ ఎగరేసి చూసినదీ, మిషను చెప్పినదీ కలిస్తే తీసుకుంటారు, కంపెనీ నిలబడుతుంది. కలవకపోతే మేడమీద గదులు ఖాళీ చేసి ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలి. తను చనిపోవడానికి కొద్దిరోజుల ముందే మున్నీ ఆ మిషనుకి చుక్కలు పెట్టి మూత బిగించింది.

మున్నీ పోయిన నలభయ్యో రోజు ఫాతెహా చదివించిన తర్వాత ఆ పరీక్ష వచ్చింది. చీరాల అబ్బాయి వచ్చి, "మీరు కూడా రండి పిన్నిగారూ" అన్నాడు. వెళ్ళాను. ఇంట్లో ఉన్నా ఒకటే, అక్కడున్నా ఒకటే అనిపించింది. మిషను ట్రాలీ ఆటోలో, వెనకాల నేనూ, అతనూ, కంపెనీలో కంప్యూటర్ చూసే అమ్మాయీ. బాపట్ల దాకా రోడ్డు మీద ఎన్ని గుంటలో. సముద్రం ఒడ్డున దించి పెడితే మిషనుకి ఏమీ కనపడలేదు. మూత తీశారు. లోపల నల్లగుడ్డ మధ్య ఎర్ర చుక్కలు. ఒక్కటీ చెదరలేదు.

"స్క్రూలు కదల్లేదు, కుదుపుకి అద్దమే జరిగింది" అన్నాడు అబ్బాయి. "మళ్ళీ కుదర్చాలంటే స్క్రూలు తిప్పాలి పిన్నిగారూ. అంటే తను పెట్టిన చుక్కలు గీకెయ్యాలి."

కంప్యూటర్ చూసే అమ్మాయి, "వద్దన్నా, ఇంకో రోజు అడుగుదాం" అని ఏడ్చింది.

"ఇంకో రోజైనా గీకాల్సిందేగా" అన్నాడతను. అంటూనే చేతిలో బ్లేడు కింద పెట్టేశాడు.

నేను వంగి చూశాను. ఒక్కో చుక్క గుండ్రంగా, ఎక్కడా పొంగకుండా ఉంది. దాని బట్టలు పంచేశాం. దాని చెయ్యి పడినట్టు మిగిలింది నాకు ఇదొక్కటే.

"గీకకపోతే?" అని అడిగాను.

"మిషనుకి ఏమీ కనపడదండి."

"చుక్కలు దాచుకోడానికి దాన్ని గుడ్డిగా ఉంచుతామా? గీకు నాయనా. టార్చి నేను పట్టుకుంటాను."

గీకాడు. ఎర్రటి పొట్టు నా కొంగులో రాలింది. చాలాసేపు తిప్పి తిప్పి కుదిర్చారు. చివరికి ఆ అబ్బాయి మున్నీ సీసా నా చేతికిచ్చాడు. సగం ఉంది. "మీరు పెట్టండి, మేం పెడితే పొంగుద్ది" అన్నాడు. నాది సూదిలో దారం ఎక్కించే చెయ్యి. ఒక్కో స్క్రూ మీద ఒక్కో చుక్క పెట్టాను. పొంగలేదు.

బెలూన్ ఎగిరింది. కాలేజీ సారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, "కలిసిందమ్మా" అన్నారు. సరేనండి అన్నాను.

పొద్దు గుంకాక మగ్రిబ్ నమాజుకి క్యాను నీళ్ళతో వజూ చెయ్యబోతే నా బొటనవేలి గోటి మీద ఎర్రగా అంటుకుని ఉంది. చేత్తో రుద్దాను, పోలేదు. తర్వాత అద్దాలు తుడిచే మందు, కాస్త దూది అడిగి తీసుకుని, తుడిచేసుకుని, నమాజు చేసుకున్నాను.

చీకటి పడ్డాక మిషనులోంచి ఆకుపచ్చ దారంలాగా వెలుగు పైకి పోతూ కనపడింది. మేం ముగ్గురం దూరంగా ఇసకలో కూర్చున్నాం. అబ్బాయి తిననన్నాడు, అమ్మాయి తిననంది. నేను వాళ్ళ మాట వినలేదు, కాలేజీ వాళ్ళు అప్పుడే పంపిన క్యారియర్ మూత తీశాను. అన్నం ఇంకా వేడిగానే ఉంది. ఆవిరి లేచింది. గాలికి మిషను వైపు పోతుందేమోనని ముగ్గురం ఒక్కసారే ఆ ఆవిరికి చేతులు అడ్డం పెట్టాం.

ఇది చదివిన మీరు ఎవరో నాకు తెలియదు. చేతిలో ఏ పనున్నా ఐదు నిమిషాలు అనకుండా లేవండి. కడుపునిండా అన్నం తినండి.