దసరా సెలవు పుచ్చుకున్న డబ్బా

ఇంట్లో ఫోటోలు, వీడియోలు అన్నీ ఒకచోట దాచే కంప్యూటరు ఉండాలన్న పిచ్చి నాకు రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పట్టుకుంది. నాలాంటి పోర్టు గుమస్తాకి ఈ షోకులెందుకని అడిగితే మా మావయ్య వీడియో చూపించేవాణ్ణి. మావయ్యంటే మా ఆవిడ తండ్రి. ఫిషింగ్ హార్బరులో బోటు మీదే బతికి, మంచం పట్టకుండా పోయాడు. ఆయన కదిలే బొమ్మ అదొక్కటే, అరువు కెమేరాతో నేను తీసింది. ఉప్పుగాలికి క్యాసెట్టు బూజు పట్టింది. అదృష్టం బాగుండి అప్పటికే బావమరిది కంప్యూటర్లోకి ఎక్కించాం.

పాత కంప్యూటరు డబ్బా ఒకటి సంపాదించాను. అందులో ఏ సిస్టమ్ వెయ్యాలన్నదే పేచీ. కంప్యూటర్లు బాగుచేసే మా బావమరిది విండోస్ అంటాడు, నేను పైసా ఖర్చు లేకుండా దొరికే లైనక్స్ అంటాను.

"ఊరికే ఇచ్చిన సామాన్లో మా నాన్నని ఎడతావేటి బావా?"

"నీ దొంగ విండోస్ సీడీ మాత్రం కొన్నదేటి?"

ఆ మాటకి వాడు మా ఇంట్లో టీ మానేశాడు. టిఫిను మాత్రం మానలేదు.

చివరికి నా పంతమే నెగ్గింది. దసరా పొద్దున్నే మావయ్య వీడియో నా డబ్బాలోకి ఎక్కింది. ఎక్కిందో లేదో బావమరిది తన కంప్యూటర్లో ఉన్న కాపీ తుడిచేశాడు, అంత తొందర మనిషి. మిగతా ఫోటోలు ఇంకా ఎక్కుతున్నాయి కదా అని నేను స్నానానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి డబ్బాకి పసుపు, బొట్టు, బంతిపూల దండ. ప్లగ్గు గోడ నుంచి పీకేసి ఉంది.

"ఏటే ఇది! ఫైళ్ళు ఎక్కుతన్నాయి కదా!"

"ఆయుధపూజ," అంది మా ఆవిడ. "పనిముట్టు ఈయేళ పనిసెయ్యకూడదు. రేపటిదాకా ముట్టుకోకండి."

"మధ్యలో పీకితే డిస్కు పోద్దే! మీ నాన్న అందులోనే ఉన్నాడు!"

"ఉంటే ఆయనకీ సెలవే."

ఆ రోజంతా నేనూ బావమరిదీ దండేసిన డబ్బా ఎదురుగా కూర్చున్నాం. నాకు నిజంగా భయమేసింది. ఆవిడ తండ్రిని రెండోసారి పోగొట్టేది నేనేనా అనిపించింది.

మర్నాడు స్విచ్చి వేశాం. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తాయి. ఏం పోయిందో, ఏం మిగిలిందో డబ్బా తన డిస్కుని తనే తడుముకుంటోంది. అంతసేపూ తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాను. ఫైలు తెరుచుకుంది.

బోటు. ముక్కుకి పసుపు, నిమ్మకాయలు, బంతిపూల దండ. అదీ దసరా రోజే. మావయ్య నావైపు వేలెత్తాడు. ఎన్నిసార్లు విన్నా నవ్వుకుని వదిలేసిన మాట.

"అల్లుడా, ఆ కెమేరా ఆపీ. అదీ పనిముట్టే కదేటి? బొట్టెట్టి పక్కనెట్టీ."

వీడియో అక్కడితో అయిపోయింది.

"ఇన్నారా?" అంది మా ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.