బేడం తియ్యమన్న గొంతు

ముందే చెప్తున్నాను, దయ్యాలంటే నాకు భయం కాదు, ఒళ్లు మంట. బడిలో సైన్సు చెప్తాను. పిల్లలెవరైనా శ్మశానం కథ మొదలుపెడితే చెవి మెలేసి కూర్చోబెడతాను. ఇది నమ్మి రాస్తున్నది కాదు. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

నాకున్న పిచ్చి పాత సామాన్లు. చార్మినార్ వెనక గల్లీల్లో కబాడీ దుకాణాలు తిరగకపోతే నాకు వారం గడవదు. పోయిన చలికాలం ఒక దుకాణంలో తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బాలో మూడు క్యాసెట్లు దొరికాయి. మీద చేతిరాతతో ‘డిటెక్టివ్ నాటకం’ అని ఉంది.

"ఎప్పుడొచ్చినయ్ భాయ్?" అని అడిగితే, "పర్సోం ఆయా మాల్, మేడం" అన్నాడు. మా పాతబస్తీలో పర్సోం అంటే మొన్న కావచ్చు, ఇరవై ఏళ్ల కిందటా కావచ్చు. నవ్వుకుని తెచ్చుకున్నాను.

మాది ఉప్పుగూడలో రెండు గదుల అద్దె ఇల్లు. నేనూ, మా చెల్లె లావణ్యా ఉంటాం. మా ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. దాన్ని పెంచింది నేనే. అది లేకపోతే నాకింకెవరూ లేరు.

రెండు క్యాసెట్లు రెండు రోజుల్లో వినేశాను. అబ్బ, ఎంత బాగున్నాయో! చేసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు, నెట్‌లో వెతికినా దొరకలేదు. డిటెక్టివ్ మాత్రం అచ్చం పాఠ్యపుస్తకంలా మాట్లాడతాడు. "హంతకుడు ఈ గది దాటి వెళ్లలేదు, గమనించండి" అంటాడు. మా తెలంగాణ మాట మచ్చుకైనా వినిపించదు.

మూడోది ఆదివారం పొద్దున పెట్టాను. లావణ్య తలస్నానానికి పోయింది. మా గ్యాస్ గీజర్ బాత్రూంలోనే ఉంటుంది. చలికి లావణ్య చిన్న కిటికీ కూడా మూసేసిందని నాకు తెలియదు. నేను వీధి తలుపు దగ్గర కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వాక్‌మన్ వింటూ బియ్యం ఏరుతున్నాను.

నాటకంలో మూసిన గది ముందు డిటెక్టివ్ నిలబడ్డాడు. సంగీతం ఆగింది. అప్పుడు ఒక మగగొంతు మెల్లగా, "బేడం తియ్యి బిడ్డా. జల్ది తియ్యి" అంది.

బేడం అంటే మా ఇళ్లలో తలుపు గడియ. ఆ డిటెక్టివ్ నోట ఆ మాట రాదు. మొదట నవ్వొచ్చింది. మరుక్షణం ఎందుకో ఇయర్‌ఫోన్లు పీకేశాను. బాత్రూంలో బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"లావణ్యా! ఏయ్, ఇనవడ్తలేదా?"

పరుగెత్తి తలుపు తోశాను. తోయగానే తెరుచుకుంది. గడియ వేసుకోకుండా ఏనాడూ స్నానం చేయని పిల్ల అది. నేల మీద పడి ఉంది, చెయ్యి తలుపు వైపు చాచి. నా పైప్రాణాలు పైనే పోయాయి.

పక్కింటి ఆటో అన్న సాయంతో ఆసుపత్రికి తీసుకుపోయాను. గీజర్ గ్యాస్ విషం ఎక్కిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదనీ డాక్టరమ్మ చెప్పింది. కారిడార్‌లో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను.

సాయంత్రానికి లావణ్య మాట్లాడింది. "అక్కా, కండ్లు తిరిగి కూలవడ్డ. లేవనీకి చాతకాలే. ఎవరో మొగాయన 'బేడం తియ్యి బిడ్డా' అన్నడు. పాక్కుంట పోయి తీసిన."

క్యాసెట్ సంగతి దానికి నేనింకా చెప్పనేలేదు.

ఇంటికొచ్చి క్యాసెట్‌ని ఆ చోటికే తిప్పి మళ్లీ వేశాను. "తలుపు గడియ లోపలి నుంచి వేసి ఉంది" అని డిటెక్టివ్ శుభ్రంగా పుస్తకం భాషలో అన్నాడు. అంతే. పదిసార్లు విన్నాను. గాలి అందని మెదడుకు లేని మాటలు వినిపిస్తాయని నాకు తెలుసు, బడిలో చెప్పేదే. అది లావణ్య సంగతి. బయటిగాలిలో కూర్చున్న నాకేమైంది?

ఇంటికొచ్చాక లావణ్య కూడా మొత్తం విని తల అడ్డంగా ఊపింది. "ఈయన కాదక్కా. ఆయన మన తీర్గనే మాట్లాడిండు." "బాపు గొంతు గట్లుంటుండెనా?" అని అడిగింది.

బాపు, అంటే మా నాన్న, పోయినప్పుడు దానికి ఏడాది కూడా నిండలేదు. నాకు పన్నెండేళ్లు. ఆయన గొంతు ఎట్లా ఉండేదో తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే. ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు.

"ఏమోనే" అన్నాను.