మునిరత్నంగారి జాలిగుడ్డ

ఈ ఉదయం ఆరుంబావుకు కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే ఆవిరికి నా కళ్ళద్దాలు మసకబారాయి. ఎదురుగా కూర్చున్న మా కోడలి ముఖం అంచులు కరిగి మెత్తగా కనిపించింది. తుడుచుకోకుండా కాసేపు అట్లాగే చూశాను. మునిరత్నంగారు గుర్తొచ్చారు.

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజుల్లో, తిరుపతిలో ఆయన ఫొటో స్టూడియోలో, నెగటివ్‌ల మీద పెన్సిలుతో మచ్చలు దిద్దే పని నాది. కెమెరా ముందు ఎవరు కూర్చున్నా ఆయన మొదట అడిగేది ఒకటే: "ఎవురికి పంపేది?" జవాబును బట్టే వెలుతురు చూసుకునేవారు. వడమాలపేట నుంచి చెంగమ్మ అనే ఆవిడ వచ్చినప్పుడూ అదే అడిగారు.

"మా కొడుక్కప్పా. మిలిట్రీలో, బర్మా పక్క ఉండాడు. వాడు పోయినంక నాకు అమ్మోరు పోసింది. వాడు సూసిపోయిన మొగమే పంపాల."

ఆమె ముఖమంతా స్ఫోటకపు గుంటలు. పెన్సిలుతో పూడ్చేస్తానన్నాను.

"పూడిస్తే కొయ్యబొమ్మ మాదిరి ఉంటాది. కన్నకొడుకు కనిపెట్టేస్తాడబ్బా," అన్నారు మునిరత్నంగారు. పల్చటి నల్ల జాలిగుడ్డ తీసి, దాని నడుమ అగరుబత్తితో చిన్న చిల్లు కాల్చి, లెన్సుకు బిగించి కట్టారు. గుడ్డ వల్ల చర్మం మసకబారి గుంటలు కనబడవు; కళ్ళు మాత్రం మసకబారకూడదని ఆ చిల్లు.

"రవ్వంత నవ్వమ్మా. మిలిట్రీ దొరలు గూడా సూస్తారు."

"సూస్తే సూడనీ. నాకేమన్నా పెండ్లిచూపులా?" అంటూ నవ్వేసింది. ఆ నవ్వే ఫొటోలో పడింది.

మరుసటి ఏడు కొడుకు చనిపోయాడన్న కబురు, వెనకే అతని పెట్టె వచ్చాయి. పెట్టెలో అంచులు నలిగిన ఆ ఫొటో ఉంది. చెంగమ్మ దాన్ని తెచ్చి మా బల్లమీద పెట్టింది. "ఇంగోటి తియ్యప్పా. ఆ గుడ్డ వద్దు."

ఎవరికి పంపేదని ఆరోజు ఆయన అడగలేదు. కొత్తగా తీసిన నెగటివ్‌ను దిద్దడానికి నన్ను ముట్టుకోనివ్వలేదు. కొత్త ఫొటో చేతికిచ్చినప్పుడు ఆమె చాలాసేపు చూసుకుంది.

"ఈ మొగాన్ని వాడు సూళ్ళేదే. సూసినా అమ్మా అనే గదప్పా పిల్సేది."

 మునిరత్నంగారు గుడ్డను మడిచి లెన్సు డబ్బాలో పెట్టారు. తర్వాత చాలాకాలం దాన్ని బయటికి తీయలేదు. కన్నుమూసే ముందు ఆ డబ్బా నాకిచ్చారు. నేను సొంత స్టూడియో పెట్టుకున్నాక ఆ ప్రశ్న అడగకుండా ఎవరి ఫొటోనూ తీయలేదు. జవాబు విని కొందరికి గుడ్డ కట్టాను. కొందరికి వద్దని నచ్చజెప్పాను.

ఆ స్టూడియోను ఇప్పుడు మావాడు నడుపుతున్నాడు. ఫొటో ఎవరికని అక్కడ ఎవరూ అడగరు.