ఒత్తు లేని మాటలు

ఇంట్లో చదివే మనిషి ఉన్నంతకాలం నాకు అక్షరాలతో పని పడలేదు. కరెంటు బిల్లు, బస్సు బోర్డు, పెళ్లి కార్డు, మందుల చీటీ, అన్నీ మా ఇంటాయనే చదివేవాడు. నేను ఏముందని అడిగేదాన్ని, ఆయన చెప్పేవాడు. చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు. మా వైపు నా ఈడు ఆడపిల్లల్ని ఎవరినీ పంపలేదు కాబట్టి దానికి బాధపడింది కూడా లేదు. బ్యాంకులో నలుగురి ముందు వేలిముద్ర వేస్తే బాగుండదని సంతకం మాత్రం ఆయనే నేర్పాడు. అది రాయడం కాదు, ముగ్గు వేసినట్టు గీయడం. ఏ గీత ఏ అక్షరమో నాకు తెలియదు. ఆయన పోయేనాటికి నాకు యాభై దాటాయి. అక్షరాలు ఆ తరువాత వచ్చాయి. అందుకే ఇది ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

ఆయన పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు నా మొహం చూసి, ఇంకా తెలియలేదేమో అనుకున్నారు. తెలిసింది. పదకొండో దినం కాగానే పనికి వెళ్లాను. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు ఉద్యోగాలు చేసే ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఉంది, అందులో వంట చేస్తాను. బియ్యం కడిగాను, కూర తరిగాను. ఉప్పు వేశానో లేదో నాకు గుర్తుండేది కాదు. పిల్లలు తిని ఏమీ అనేవాళ్లు కాదు, పళ్లెంలో ఉప్పు వేసుకునేవాళ్లు.

మా పక్క పోర్షన్‌లో ట్యాక్సీ నడిపే ఒక తమ్ముడు ఉంటాడు. ఒకరోజు వచ్చి నా ఫోన్ తీసుకుని ఏదో నొక్కాడు.

"పొద్దంత గోడలు సూస్కుంట కూసుంటే ఏమొస్తదక్కా? మా గ్రూపుల ఏసిన నిన్ను. ఆదివారం పొద్దుగాల బస్టాండు కాడి ఇరానీ హోటల్‌కు రా. చాయ్ తాగుతం, ముచ్చట్లు పెట్టుకుంటం, పోతం. గంతే."

"నాకు సదువు రాదు గద తమ్మీ."

"ముచ్చటకు సదువెందుకు? మైకు బొమ్మ ఒత్తి మాట్లాడు. ఇగ ఎవరన్న ఏమన్న పెడితే బొటనవేలు పెట్టు. సూసిన అని లెక్క."

ఫేస్‌బుక్‌లో కలిసినవాళ్లు వాట్సాప్‌లోకి వచ్చి, అక్కడి నుంచి హోటల్ దాకా వచ్చిన గ్రూపు అది. దానికి పనంటూ ఏమీ లేదు. వారంలో చూసింది ఒకరికొకరు చెప్పుకుంటారు. నాకు పేర్లు చదవడం రాదు కాబట్టి ఫోన్‌లో బొమ్మలతోనే గుర్తుపట్టేదాన్ని. ట్యాక్సీ తమ్ముడిది విమానం. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో పనిచేసే ఒక అమ్మాయిది పిల్లికూన. మందారపువ్వు బొమ్మ ఆపాది. ఆపా సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, మామిడిపల్లిలో ఉంటుంది. అక్కడ బస్సెక్కితే సరిగ్గా హోటల్ ముందు దిగవచ్చు. నా కంటే పెద్దది, మోకాళ్లు నొప్పులు. ఆపా అంటే ఉర్దూలో అక్క. అందరూ అట్లాగే అనేవాళ్లు, నేనూ అన్నాను.

నేను అక్కడ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. పిల్లికూన అమ్మాయి, బ్యాగులో ఆవకాయ జాడీ పెట్టుకొచ్చిన ప్రయాణికుడి సంగతి చెప్పేది. "లోపలికి తీసుకెళ్లడం కుదరదండీ అన్నాను. అయితే ఇక్కడే ఒక ముద్ద తినండమ్మా, పారేయడానికి చేయి రావట్లేదు అన్నాడు ఆంటీ." అందరూ నవ్వేవాళ్లు. నేను చాయ్ తాగేదాన్ని. నవ్వు రాకపోయినా అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. అది నాకు సరిపోయింది.

కొన్ని వారాలయ్యాక ఆపా అడిగింది.

"నువ్వు గ్రూపులో ఒక్క ముక్క కూడా రాయవేం?"

"రాదు ఆపా."

"వచ్చే వారం అందరికన్నా ముందు రా."

వెళ్లాను. ఆపా సాసర్లో ఒలికిన చాయ్‌లో వేలు ముంచి బల్లమీద అక్షరం రాసింది. పలికించింది. నా వేలు ముంచి రాయించింది. ఆపా పద్ధతి ఒకటే. పైకి పలకాలి, పలికింది రాయాలి. నోరు మూసుకుని రాస్తే ఒప్పుకోదు. "చూసి రాస్తే బొమ్మ. విని రాస్తే అక్షరం," అనేది. హోటల్ ఆయన గుడ్డతో తుడిచి, "ఆపా, నా టేబుల్ మీద సదువు జాస్తి అయితుంది, చాయ్ కమ్ అయితుంది," అనేవాడు. "ఇంకో రెండు చాయ్ తెండి మరి, సిరా అయిపోయింది," అనేది ఆపా.

అట్లా ప్రతి ఆదివారం మిగతావాళ్లు వచ్చేలోపు నేర్చుకున్నాను. గుణింతాలు వచ్చాయి. విమానం రాశాను. మేక, గాలి, ఊరు, శంషాబాద్ రాశాను. తరువాత ఆగిపోయాను. అక్షరం కింద ఇంకో అక్షరం వేలాడుతుంది కదా, ఆ ఒత్తులు నాకు లొంగలేదు. చూస్తే నాకు కావలసిన మాటలన్నీ ఒత్తులవే. అమ్మ, అక్క, అన్నం, ఉప్పు, నీళ్లు. చుట్టుపక్కల ఊళ్లు మామిడిపల్లి, తుక్కుగూడ కూడా.

మా ఇంటాయన పేరులోనూ ఒక ఒత్తు ఉందని ఆధార్ కార్డు చూస్తే తెలిసింది. ఆ పేరు రాయాలని నాకు ఉండేది. నాకు అక్షరాలతో కావలసింది నిజానికి అదొక్కటే. ఆ మాట ఆపాకు చెప్పాను.

"ఏం పేరు? పలుకు," అంది.

మాలో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు. దవాఖానలో అడిగినా, బ్యాంకులో అడిగినా కార్డు చూపించడమే. పెళ్లయినప్పటి నుంచి ఒక్కసారి కూడా నేను ఆ పేరు అనలేదు. ఆయనను పిలవాలంటే "ఇగో" అనేదాన్ని. ఆయన పలికేవాడు.

ఆపాకు అర్థమైంది. "కార్డు తెస్తావా? చూసి రాయిస్తాను."

"వద్దాపా. సంతకం గట్లనే గీసిన ఇన్నేండ్లు."

"అయితే ఇంట్లో ఒక్కదానివే ఉన్నప్పుడు పలుకుకో."

ప్రయత్నించాను. తలుపు వేసి, గోడకేసి తిరిగి నిలబడ్డాను. నోరు తెరుచుకుంది, పేరు రాలేదు. ఆ సంగతి చెబితే ఆపా కాసేపు ఆలోచించి, "సరే, అన్ని ఒత్తులూ నేర్చుకో. వారానికి ఒకటి రెండు. అన్నీ వచ్చాక ఆ పేరు నేను పలికించకపోయినా నీ చెయ్యే రాస్తుంది. తొందరేం లేదు, ఆదివారాలు ఎక్కడికీ పోవు," అంది.

క ఒత్తు అయింది. గ ఒత్తు దగ్గర ఉన్నాం.

ఆ వారం గ్రూపులో వరసగా మెసేజులు వచ్చాయి. మా గ్రూపులో అందరూ తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాలతో రాస్తారు. నేను నేర్చుకున్నది తెలుగు అక్షరాలు. కాబట్టి నేర్చుకోకముందు ఆ మెసేజులు నాకెట్లా ఉండేవో నేర్చుకున్నాక కూడా అట్లాగే ఉన్నాయి. చూడటం మానేశాను. ఏది వచ్చినా తెరవడం, బొటనవేలు పెట్టడం, ఫోన్ పక్కన పెట్టడం. వంట మధ్యలో తడి చేత్తోనే పెట్టేదాన్ని.

ఆదివారం ఎప్పటిలాగే ముందుగా హోటల్‌కు వెళ్లాను. మా మూల బల్ల దగ్గర ఎవరో లగేజీ పెట్టుకుని కూర్చుని ఉన్నారు. హోటల్ ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఆజ్ ఇధర్ కోయీ నై అమ్మా. మీవోళ్లంత కొత్త జాగకు మారిండ్రంట గద. మీకు ఎరుక లేదా?"

అక్కడే నిలబడి ట్యాక్సీ తమ్ముడికి ఫోన్ చేశాను.

"అయ్యో అక్కా, నేను గ్రూపుల అడిగిన గద! కొత్త జాగ ఎవరెవరికి ఓకేనో బొటనవేలు పెట్టున్రి అన్న. అందరికంటె ముందుగాల నువ్వే పెట్టినవ్. అక్కనే ఒప్పుకున్నది, ఇగ మనకేంది అని అందరు పెట్టిన్రు."

"నేను సూసిన అని పెట్టిన తమ్మీ."

అవతల నవ్వాడు. "గిట్ల చేసినవేందక్కా! సరే, పరేషాన్ గాకు. ఆడనే ఉండు, కారేస్కొని వస్త."

చదువు రానివాళ్ల వేలిముద్రను మా దగ్గర నిశాని అంటారు. చిన్నప్పుడు మా పెద్దవాళ్లు ఏ కాగితం మీదో ఏమో తెలియకుండా నిశాని వేసేవాళ్లు. నేను వేయకూడదనే ఆయన నాకు సంతకం నేర్పాడు. కారులో కూర్చున్నాక అది గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఏమీ అనిపించలేదు. కిటికీలోంచి బయటికి చూశాను. పెద్ద పెద్ద హోర్డింగులు, మధ్యలో కంచె వేసిన ఖాళీ జాగాలు.

కొత్త చోటు ఎయిర్‌పోర్టుకు పోయే దారిలో, అద్దాల బిల్డింగులో ఉంది. లోపల ఏసీ. పొడుగాటి బల్ల, ఎత్తు కుర్చీలు. నా కాళ్లు నేలకు అందలేదు. పిల్లికూన అమ్మాయి నా పక్కన కూర్చుంది.

"ఆంటీ, ఏం తాగుతారు? ఇక్కడ ఎవరూ వచ్చి అడగరు. ఈ బొమ్మను ఫోన్‌తో స్కాన్ చేసి మనమే చెప్పాలి."

"చాయ్."

"చాయ్ లేదండీ. కాఫీ చెప్పనా?"

"ఏదైతేంది."

కాఫీ చేదుగా ఉంది. తాగాను. బస్సుల మోత లేదు, ఒకరి మాట ఒకరికి బాగా వినిపిస్తోంది, అందరికీ చోటు నచ్చింది. ఆపా కుర్చీ అని ఏదీ లేదు కాబట్టి ఖాళీగానూ కనిపించలేదు.

"ఆపా ఏది?" అన్నాను.

"రాదక్కా," అన్నాడు తమ్ముడు. "బస్సు హైవే మీదనే ఆగుతది. ఆడికెల్లి ఈడిదాంక నడవాలె. మోకాళ్లతోని ఎట్ల నడుస్తది? నేను కారు తెస్త అన్న. వారం వారం తెస్తవా అని అడిగింది. ఆదివారమే నాకు గిరాకి. ఏం జెప్పాలె?"

"గ్రూపులో రాశారుగా ఆంటీ," అంది అమ్మాయి. "మీరు దానికీ లైక్ పెట్టారు."

ఫోన్ తీశాను. వేలితో పైకి జరుపుతూ పోయాను. ఇంగ్లీషు అక్షరాల మధ్య ఒక్కచోట తెలుగు అక్షరాలు కనిపించాయి. పక్కన మందారపువ్వు. దాని కింద నా బొటనవేలు.

పెదాలు కదుపుతూ చదివాను. అక్షరం తరువాత అక్షరం.

"నేను అటు రాలేను. మోకాలు బాగాలేదు. మీరంతా బాగుండండి. ఉదయం వేళ నేను ఇంటిలోనే ఉంటాను."

మొత్తం చదివాను. ఎక్కడా ఆగలేదు. ఎందుకు ఆగలేదో వెంటనే తెలియలేదు. మళ్లీ మొదటినుంచి చదివాను. ఇంటిలోనే. అట్లా ఎవరూ అనరు. ఆపా కూడా అనదు. ఇంట్లోనే అంటుంది. ఇంట్లో అని రాస్తే ట కింద ల వేలాడుతుంది, నేను అక్కడ ఆగిపోతాను. మిగతా మాటలు చూశాను. ఒక్కదానికీ ఒత్తు లేదు.

గ్రూపులో ఉన్నవాళ్లందరికీ రాసినట్టే ఉంది ఆ మెసేజు. అందరూ అట్లాగే చదువుకుని ఉంటారు.

"ఏమైంది ఆంటీ?" అంది అమ్మాయి.

"ఏం కాలేదు."

లేచేటప్పుడు తమ్ముడిని అడిగాను. "ఆపా ఇల్లు ఎరికేనా నీకు?"

"ఒకపారి వానల దింపిన. మామిడిపల్లి మసీదు గల్లీల, పచ్చ గేటు. ఎందుకక్కా?"

"ఉత్తగనే."

మరునాడు పొద్దున హాస్టల్‌లో పప్పు దించి, అన్నం చూడమని నాతో పనిచేసే ఆమెకు చెప్పి బయటికి వచ్చాను. ఎక్కడికని అడిగింది. బడికి అన్నాను. నవ్వింది. బస్సు బోర్డు మీద మామిడిప వరకు చదివి, మిగతాది కండక్టర్‌ను అడిగి ఎక్కాను.

పచ్చ గేటు దొరికింది. మందారం చెట్టు ఉంటుందనుకున్నాను. లేదు. ఆపా గడప లోపల కుర్చీలో కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది.

"చదివావన్నమాట," అంది.

"సదివినాపా. ఇంటిలోనే అని రాసిన్రు."

"తప్పేం కాదులే అది. కూర్చో." నూనె చేతులు తుడుచుకుని కాగితం, పెన్ను నా ముందు పెట్టింది. "గ ఒత్తు దగ్గర ఆగాం కదూ?"

"గ ఒత్తు తర్వాత జేస్త. ముందుగాల ఆయన పేరు."

ఆపా నా మొహం చూసింది. కార్డు తెచ్చావా అని అడగలేదు. "పలుకు మరి, ఒత్తు నేను చూపిస్తాను," అంది.

నేను చాలాసేపు కూర్చున్నాను. ఆపా తొందర పెట్టలేదు. ఇంతలో మీదనుంచి విమానం వచ్చింది. ఆ ఇంటి మీద బాగా కిందుగా పోతాయి, కిటికీ రెక్కలు అదురుతాయి. ఆ మోతలో అనేశాను. గొంతు నాది కాదన్నట్టు ఉంది. ఎవరినో కొత్తవాళ్లను పిలిచినట్టు ఉంది.

విమానం దూరమైంది. ఆపా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది.

"విమానం మోతలో వినపడలేదమ్మా. ఇంకొకసారి."

ఈసారి ఇల్లంతా చప్పుడు లేకుండా ఉంది. పలికాను. పలికి, రాశాను.